రామేశ్వరంలో మానేసిన సోమవారం

మా ఉద్దానంలో ఇద్దరు ఎదురుపడితే "బాగున్నావా" అని అడగరు. "ఎంతుంది?" అని అడుగుతారు. అవతలివాళ్లు "ఆరు" అనో "తొమ్మిదిన్నర" అనో చెప్పి, "మీ ఇంట్లోనో?" అని తిరిగి అడుగుతారు. ఆ అంకె రక్తంలోని క్రియాటినిన్. ఒకటి దగ్గర ఉంటే మనిషి బాగున్నట్టు. మూత్రపిండాలు పాడైన కొద్దీ పెరుగుతూ పోతుంది. మా వైపు సంతలో వంకాయల ధర తెలియనివాళ్లు ఉంటారేమో గాని, ఇంట్లో ఎవరికి ఎంతుందో తెలియనివాళ్లు లేరు. పెళ్లికని విశాఖపట్నం వెళ్లినా, పనికని చెన్నై వెళ్లినా, మావాళ్లు ముందు అక్కడొక ల్యాబు చూసుకుని రక్తం ఇచ్చి వస్తారు. ఊరు మారితే నీళ్లు మారతాయి, నీళ్లు మారితే అంకె మారుతుందేమోనని ఆశ. ఈ జబ్బు ఎందుకొస్తోందో మాకు అర్థమయ్యేలా తేల్చి చెప్పినవాడు లేడు గనుక అందరం నీళ్లనే అనుమానిస్తాం. ఇప్పుడు దూరం నుంచి పైపుల్లో మంచినీళ్లు వస్తున్నాయి. అయినా అనుమానం పోలేదు, జబ్బూ పోలేదు.

నేను టెక్కలి దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఏటా పదో తరగతి పిల్లలకు విసర్జన పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద మూత్రపిండం బొమ్మ గీస్తాను. గీస్తుండగా వెనక బెంచీల్లో ఎవరో ఒకరు తల దించుకుంటారు. వాళ్లింట్లో ఉందని నాకు అర్థమైపోతుంది. మా పుట్టింట్లోనూ ఉంది కదా, అందుకని ఆ పిల్లల్ని ఆ రోజు ప్రశ్నలు అడగను.

మా పుట్టిల్లు పలాస నుంచి అక్కుపల్లి సముద్రతీరం వైపు వెళ్లే దారిలో ఉంది. అక్కడ మా అన్నయ్యకి కొంచెం జీడితోట, ఇంటి వెనక కొబ్బరిచెట్లు. మనిషి ఎత్తరి, గట్టివాడు, చెట్టెక్కి కాయ దింపడంలో కూలివాణ్ని నమ్మేవాడు కాదు. నలభై ఎనిమిదో ఏట ఒకసారి కాళ్లు వాచాయి. రక్తం తీయిస్తే తొమ్మిది. అక్కడి నుంచి రెండేళ్లుగా సోమవారం, గురువారం పలాసలో డయాలసిస్. పక్కింటాయనకీ అవే రోజులు. ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్లేవారు, ఒకే ఆటోలో సొమ్మసిల్లి తిరిగి వచ్చేవారు.

డయాలసిస్ మీదున్న మనిషికి నీళ్లు లెక్క. తాగిన నీళ్లు బయటికి పోవు గనుక రోజుకి అర లీటరు దాటకూడదు. వదిన పొద్దున్నే చిన్న సీసాలో కొలిచి పోసి అన్నయ్య మంచం పక్కన పెట్టేది. మాత్రలు వేసుకోవడానికీ అవే, దాహానికీ అవే. కొబ్బరినీళ్లయితే అసలు నోట పెట్టకూడదు, గుండె ఆగిపోతుందన్నారు డాక్టర్లు. చెట్టు నిండా బోండాలు, ఆయన మాత్రం గుమ్మంలో కూర్చుని ఎండాకాలం పొడుగునా పెదాలు తడుపుకునేవాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టే ఉండేది ఆయన బతుకు. అది చూడలేక నేను పుట్టింటికి వెళ్లడం తగ్గించుకున్నాను. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

రామేశ్వరం మాట ఎత్తింది వదిన. జబ్బు రాకముందు వాళ్లిద్దరూ కాశీ వెళ్లారు. అక్కడి నుంచి మూత బిగించిన చిన్న రాగిచెంబులో గంగ తెచ్చారు. ఆ గంగని రామేశ్వరంలో స్వామికి అభిషేకం చేయిస్తే గాని కాశీయాత్ర పూర్తయినట్టు కాదు. రేపు మాపు అనుకుంటూ ఉండగానే జబ్బు వచ్చి పడింది.

"యాత్ర సగంలో ఒగ్గీసినాం. అందుకే ఇలాగయిపోనాది మీ అన్నియ్యకి" అని వదిన నా దగ్గర కళ్లు ఒత్తుకుంది. "ఒక్కపాలి తీసుకెల్లమ్మా. నువ్వు సదువుకున్నదానివి. నువ్వుంటే నాకు ధైర్యం."

చెంబుకీ మూత్రపిండానికీ సంబంధం ఏమిటని నేను విసుక్కున్నాను. విసుక్కుంటూనే ఏర్పాట్లు మొదలుపెట్టాను. నా స్వభావమే అంత. తిడుతూ చేస్తాను. సోమవారం పలాసలో డయాలసిస్ చేయించుకుని రైలెక్కాలి. చెన్నైలో రైలు మారి బుధవారానికి మధురై చేరాలి. గురువారం మధురైలో డయాలసిస్. శుక్రవారం రామేశ్వరం. ఆదివారం తిరిగి మధురై, సోమవారం అక్కడ మళ్లీ డయాలసిస్ చేయించి, ఆ రాత్రి రైలుకి ఇంటికి. మధురైలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నెల ముందే ఫోన్ చేసి, ఇంగ్లీషులో మాట్లాడి, రెండు రోజులకీ మిషన్ ఖాయం చేయించాను. రిపోర్టులన్నీ ఫైల్లో పెట్టాను. ఎక్కడా పొరపాటు లేదు. ఆ ఏర్పాటు అనుకున్నట్టు జరిగి ఉంటే మా అన్నయ్య ఇంకా కొంతకాలం బతికేవాడు.

నలుగురం బయలుదేరాం. అన్నయ్య, వదిన, వాళ్లమ్మాయి, నేను. మేనకోడలు పలాసలో ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. మాట తక్కువ పిల్ల. రైల్లో కిటికీ దగ్గర తండ్రిని కూర్చోబెట్టి, ఆయన సీసా తన ఒళ్లో పెట్టుకుంది. ఆయన సీసా మూతలోకి వంచుకుని కాకి తాగినట్టు తాగేవాడు.

"ఈ మూతతో తాగితే నీళ్లు శానా ఉన్నట్టుంటాది సెల్లీ" అన్నాడు నాతో. ఆయన నవ్వితే నాకూ నవ్వు వచ్చింది. ఒంగోలు దాటాక నిద్రపోయాడు. రెండేళ్ల తరవాత మా ఇంట్లో అందరం కలిసి ఎక్కడికైనా వెళ్లడం అదే.

మధురైలో గురువారం పొద్దున డయాలసిస్. నాలుగు గంటలు. ఆసుపత్రి శుభ్రంగా ఉంది, వాళ్లు మర్యాదగా చూశారు. వాళ్ల వల్ల ఏ తప్పూ జరగలేదని ముందే చెప్పేస్తున్నాను. సూదులు తీస్తుండగా వదిన లోపలికి వెళ్లి, నర్సుకి అన్నయ్య చెయ్యి చూపించి, రక్తం తీసి పరీక్ష చెయ్యమని సైగ చేసింది. ఆ అమ్మాయికి తెలుగు రాదు, వదినకి తమిళం రాదు. "క్రియాటినిన్" అన్న ఒక్క మాట ఇద్దరికీ వచ్చు. ఆ అమ్మాయి తలూపి రక్తం తీసింది. కాగితం రేపు పొద్దున ఇస్తామని సైగ చేసింది. నేను బిల్లు దగ్గర ఉన్నాను. బయటికి వచ్చాక వదిన చెప్పింది, "ఈ ఊర్లో ఎంతొత్తాదో సూద్దామని" అని. మావాళ్లు ఏ ఊరు వెళ్లినా చేసే పనే గనుక నేను రెండోమాట అనలేదు.

సాయంత్రం మీనాక్షి గుడికి వెళ్లాం. డయాలసిస్ అయిన రోజు అన్నయ్య నిలబడలేడు. దర్శనం తొందరగా చేయించి, వెయ్యి స్తంభాల మండపంలో ఒక రాతిస్తంభానికి ఆనుకుని కూర్చోబెట్టాం. వదిన తిరిగి తిరిగి గోపురాలు చూసి వచ్చింది. అన్నయ్య తలెత్తి స్తంభాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"ఈ రాళ్లు మోసినోళ్లకి ఎన్నేసి నీళ్లు పట్టించేవోరో" అన్నాడు.

అంత గొప్ప గుళ్లో ఆయనకి తోచింది ఆ ఒక్క మాట. వదిన మొహం తిప్పుకుంది. నాకు గుడి మీదా, దేవుడి మీదా, నా మీదా కోపం వచ్చింది. కోపం తప్ప మరొకటి రాదు నాకు.

శుక్రవారం పొద్దున బస్సెక్కే ముందు నేనే వెళ్లి కాగితం తెచ్చాను. మూడు పాయింట్ ఎనిమిది. రెండేళ్లలో ఆయనకి తొమ్మిదికి తగ్గిందే లేదు. ఆసుపత్రి మెట్ల మీదే నిలబడి మూడుసార్లు చదివాను. పేరు ఆయనదే, వయసు ఆయనదే. హోటల్ గదికి వచ్చి చెప్పేసరికి వదిన కాగితం లాక్కుని కళ్లకద్దుకుంది. దానిమీదున్న ఇంగ్లీషు ఆమెకి రాదు, అంకె చాలు.

"నాను సెప్పనేదా? ఆ నీళ్లే! ఆ ఊరి నీళ్లే మనల్ని తింటన్నాయి. నాలుగు రోజులు దూరంగా ఉంటే మూడుకొచ్చీసింది సూడు!"

అన్నయ్య తన రెండు చేతులూ చూసుకున్నాడు. అప్పుడు మేనకోడలు నా పక్కకి వచ్చి మెల్లగా అంది:

"అత్తా, మనూర్లో మిషనెక్కకముందు తీత్తారు గదా రక్తం. ఇక్కడ దిగినాక తీసినారు. అందుకు తక్కువొచ్చిందేమో."

ఇక్కడ ఆగి నిజం చెప్పాలి. డయాలసిస్ అంటేనే రక్తాన్ని కడగడం. కడిగిన వెంటనే ఎవరికైనా అంకె తగ్గుతుంది. రెండు రోజుల్లో మళ్లీ ఎక్కుతుంది. ఇది నేను పాఠంగా చెబుతాను. రక్తం తీసిన సమయం కాగితం మీద అచ్చయి ఉంది. నాకు తెలియక కాదు. ఆ పిల్ల మాట వింటూ ఉండగానే నాకు తెలుసు. కాని రెండేళ్ల తరవాత మా వదిన మొహం అలా ఉండటం అప్పుడే చూశాను. నాకూ ఆ అంకె నిజం కావాలనిపించింది. ఆ నిజాన్ని చెప్పిన పిల్ల మీద ఒళ్లు మండింది.

"పెద్దోళ్ల మధ్యన నీకేటి పని? శుభమా అని బయల్దేరితే ఈ మాటలేటి? ఇంటర్ సదివేసి నాకు పాఠం సెబుతావా?" అన్నాను.

పిల్ల వెనక్కి తగ్గింది. వదిన అప్పటికే ఊరికి ఫోన్ కలిపేసింది. పక్కింటామె ఎత్తింది. వదిన చెప్పింది ఆమె నమ్మలేదు కాబోలు, "టీచరమ్మకియ్యి" అంది. వదిన ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది.

"నిజమేనా టీచరమ్మా?"

"నిజమే. మూడు పాయింట్ ఎనిమిది. కాగితం నా చేతిలోనే ఉంది" అన్నాను.

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు మనవాళ్లు.

రామేశ్వరం దీవి. బస్సు సముద్రం మీద వంతెన దాటుతుంటే వదిన అటు చూడలేక కళ్లు మూసుకుంది, అన్నయ్య కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. గుడికి తూర్పున సముద్రం. అందులో మునిగాక గుళ్లో ఇరవై రెండు బావుల నీళ్లతో స్నానం చెయ్యాలి. సముద్రాన్ని చూసి అన్నయ్య పకపకా నవ్వాడు.

"ఇదేటి సముద్రమే? కదల్దు, మెదల్దు. మన అక్కుపల్లోలు సూత్తే నవ్విపోతారు."

శనివారం బావులు తిరిగాం. ప్రతి బావి గట్టు మీదా ఒక మనిషి నిలబడి, తాడు కట్టిన బకెట్టుతో తోడి మన నెత్తిన పోస్తాడు. అన్నయ్య చేతికి సూదులు గుచ్చే చోటు తడవకుండా నేను ప్లాస్టిక్ కవరు చుట్టి కట్టాను. ఒక్కో బావి దగ్గర వదిన దోసిలి పట్టి గుక్కెడు ఆయన నోట్లో పోసింది. పోస్తున్న ప్రతిసారీ నా వైపు చూసింది. నేను వద్దనలేదు. ఉప్పుసముద్రం ఒడ్డున ఒక్కో బావి నీరు ఒక్కో రుచి. "ఇది మన బోరునీళ్లనాగుంది, ఇది తియ్యగుంది" అని ఆయన ప్రతి బావికీ పేరు పెడుతూ వచ్చాడు. రాగిచెంబులో గంగతో అభిషేకం చేయించాం. వదిన బయటికి వచ్చి, కాళ్లు చాపుకుని, బరువు దించుకున్న మనిషిలా కూర్చుంది. తియ్యగా ఉన్న బావి నీళ్లు ఒక సీసాలో పట్టి సంచీలో పెట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం బస్సుకి మధురై తిరిగి వెళ్లాలి. పొద్దున వదిన ఆ మాట తేనే తెచ్చింది.

"మూడున్నోడికి ఆ మిషనెందుకే? రక్తమంతా తోడీసి నీరసం సెయ్యడానికా? ఇంకో మూడు రోజులు ఈ నీళ్లు తాగితే ఒకటికొచ్చెత్తాది. గురువారానికి మధురై ఎల్దాం. అప్పుడు సూపిద్దాం."

అన్నయ్య నన్ను చూశాడు. వదినా నన్నే చూసింది. పిల్ల మాత్రం నేల చూసింది. "నువ్వేటంటావు సెల్లీ?" అన్నాడు ఆయన. "నువ్వు ఊఁ అంటే ఊఁ, ఊహూఁ అంటే ఊహూఁ."

ఆసుపత్రికి ఫోన్ చేసి, సోమవారం రావడం లేదని చెప్పాను. ఎందుకని వాళ్లు అడిగారు. ఆరోగ్యం బాగుందన్నాను. అవతలి అమ్మాయి "డాక్టర్ని అడిగారా మేడమ్?" అంది. అడిగామని చెప్పాను. ఆ అబద్ధం ఎందుకు ఆడానో నాకిప్పటికీ తెలియదు. ఒక తప్పు చేసేశాక దాన్ని నిలబెట్టడానికి మనిషి ఎంత కష్టపడుతుందో నాలో నేనే చూశాను.

ఫోన్ పెట్టేయగానే అన్నయ్య నీళ్లు అడిగాడు. వదిన సంచీలోంచి పెద్ద చెంబు తీసి, ఆ ఊరి నీళ్లు నిండా పోసి, రెండు చేతులతో అందించింది. ఆయన ఎత్తిపట్టి, గొంతులోకి ధారగా, ఆపకుండా తాగాడు. మేము ముగ్గురం ఆ గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాం. చెంబు దించి, చొక్కాతో మూతి తుడుచుకుని, "ఓలమ్మో" అన్నాడు. కళ్లంట నీళ్లు తిరుగుతున్నాయి. ఇంకో చెంబు తాగాడు. అంత ఆనందం మా ఇంట్లో మళ్లీ చూడలేదు, చూడబోము కూడా. అందుకే దాన్ని తలచుకోవాలన్నా భయమే.

సోమవారం బాగానే ఉన్నాడు. దీవి చివరిదాకా జీపులో వెళ్లి, రెండువైపులా సముద్రం ఉన్న ఇసుకలో నడిచాడు. మంగళవారం చెప్పులు పట్టలేదు. ప్రయాణం వాపని వదిన అంది, నేను అవునన్నాను. ఆ రోజు అన్నం సరిగా తినలేదు. పడుకుంటే ఆయాసమని కూర్చునే ఉన్నాడు. మధురై వెళ్లిపోదామని నేను అన్నాను. అనడం అన్నాను గాని, లేచి బండి పిలవలేదు. పిలిస్తే ఎందుకో చెప్పాలి కదా. పొద్దున్నే బయలుదేరదామన్నాను.

బుధవారం తెల్లారేసరికి ఆయన పెదాలు నల్లబడ్డాయి. బండి మాట్లాడి వెనక సీట్లో కూర్చోబెట్టాం. వంతెన మీద చల్లగాలి కొడుతోంది, ఆయనకి మాత్రం గాలి చాలడం లేదు. చేత్తో అద్దం కొడుతున్నాడు. పిల్ల అద్దం దించి, తండ్రి వీపు రాస్తూ, "నానా, అయిపోనాది, వచ్చీసినాం" అంటూనే ఉంది. దారిలో రామనాథపురం ఆసుపత్రికి చేరేసరికి ఆయన తల ఆ పిల్ల భుజం మీద వాలిపోయింది. లోపల కొంతసేపు ప్రయత్నించారు. తరవాత డాక్టరు బయటికి వచ్చి, ఇంగ్లీషు ఎవరికి వచ్చని అడిగాడు.

ఆఖరి డయాలసిస్ ఎప్పుడని అడిగాడు. చెప్పాను. సోమవారం ఎందుకు మానేశారన్నాడు. ఫైలు తీసి మధురై కాగితం చూపించాను. కుర్రవాడు, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు. కాగితం మీదున్న సమయం దగ్గర వేలు పెట్టి, "ఇది డయాలసిస్ అయిన తరవాత తీసింది కదమ్మా" అన్నాడు. కోప్పడలేదు. మీరేం చేస్తుంటారని అడిగాడు. నేను కాగితం మడిచి ఫైల్లో పెట్టాను.

వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఏటన్నాడమ్మా?"

"గుండె ఆగిపోయిందన్నాడు" అన్నాను. అది అబద్ధం కాదు.

అంత దూరం తీసుకురాలేక అక్కడే దహనం చేయించాం. అస్థికలు రామేశ్వరం సముద్రంలోనే కలిపాం. తలకొరివి మేనకోడలు పెట్టింది. తిరుగు రైల్లో వదిన కాసేపు ఏడ్చి, కాసేపు తనకు తనే ధైర్యం చెప్పుకుంది. "మూడుకొచ్చినోడు. జబ్బు నయమైపోనాది. ఆ సముద్రం గాలి పడనేదు, అంతే. రామేశ్వరంలో పోనాడు, పుణ్యాత్ముడు." ఆమె అలా అంటుంటే నేను తలూపుతూ వచ్చాను. మేనకోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చింది. మా ఇద్దరి చూపులూ ఒక్కసారీ కలవలేదు.

పదహారో రోజున పెద్దకర్మకి ఊరంతా వచ్చింది. అన్నాళ్లూ వచ్చినవాళ్లందరికీ వదిన అదే కథ చెప్పింది. అది వినీ వినీ నేను కూడా కొంచెం నమ్మడం మొదలుపెట్టాను. భోజనాలు అయ్యాక, బంతులు లేచాక, పక్కింటామె వచ్చి నా ముందు కూర్చుంది. ఆ రోజు గురువారం. అయినా ఆమె భర్త వాళ్ల అరుగు మీదే కనిపిస్తున్నాడు. ఆయన పలాసలో ఉండాల్సిన వేళ అది.

"టీచరమ్మా, మీ వదిన ఆ బావి నీళ్లు తెచ్చిందంట గదా. సగం మాకియ్యమ్మా" అంది. "మా మావ సోమారం మిషన్‌కి ఎల్లనేదు. ఇయ్యాలా ఎల్లనంటన్నాడు. మీ అన్నియ్యకి మూడుకొచ్చింది గదా, నాకేటి తక్కువంటన్నాడు. టికెట్లు సూత్తన్నాం, ఆదివారం బయల్దేరతాం."

"సోమవారం వెళ్లలేదా?" అన్నాను.

"ఎల్లనేదు. కాళ్లు కొంచెం వాసినాయి. ఆ నీళ్లు పడితే తీసెత్తాదిలే."

"వెళ్లమను. ఇప్పుడే వెళ్లమను" అన్నాను.

"అదేటమ్మా! ఆయుష్షు తీరిపోనాది, మీ అన్నియ్య పోనాడు. తగ్గడమైతే తగ్గింది గదా. నువ్వే సెప్పినావు ఫోన్లో, కాయితం నా సేతిలో ఉందని."

వదిన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలో ఆ నీళ్ల సీసా ఉంది. పక్కింటామెకి ఇవ్వడానికే తెచ్చింది. మేనకోడలు విస్తళ్లు ఎత్తుతూ ఆగిపోయింది. ఆ పిల్ల నన్ను చూసింది. మధురై నుంచి అప్పటిదాకా నన్ను సూటిగా చూడటం అదే మొదలు.

"తగ్గలేదు" అన్నాను. "మా అన్నయ్యకి ఏమీ తగ్గలేదు. మిషన్ దిగిన వెంటనే తీసిన రక్తం అది. అప్పుడు తీస్తే మీ ఆయనకీ అంతే వస్తుంది, ఎవరికైనా అంతే వస్తుంది. సోమవారం మానేసినందుకు పోయాడు. తాగిన నీళ్లకి పోయాడు. నేను మానెయ్యమన్నాను గనుక పోయాడు. నీ మొగుణ్ని ఆటో ఎక్కించు, ఇంకేమీ అడక్కు!"

చివరి మాట గట్టిగా అరిచినట్టున్నాను. అరుగు మీదున్న ఆయన లేచి నిలబడ్డాడు. పక్కింటామె కొంగు బిగించుకుని పరుగెత్తింది. కాసేపటికి ఆటో చప్పుడు వినిపించింది. ఆయన ఆ సాయంత్రం పలాసలో మిషనెక్కాడు. ఇప్పటికీ సోమవారం, గురువారం వెళ్లి వస్తున్నాడు. నేను ఎదురుపడితే మాత్రం మొహం తిప్పుకుంటాడు.

వదిన గుమ్మంలోనే కింద కూలబడింది. ఏడవలేదు. సీసాని పక్కన పెట్టి, చాలాసేపు తన చేతులు చూసుకుంది.

"సెంబు నిండా నానే పోసినాను" అంది.

నేను దగ్గరికి వెళ్లబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "ఎప్పుడు తెల్సింది నీకు? ఆ డాట్రు సెప్పినప్పుడా?"

"కాదు. మధురైలోనే. నీ కూతురు అడిగింది నన్ను. నోరు ముయ్యమన్నాను."

వదిన నా వైపు చూడనే లేదు. తల తిప్పి, చేతిలో ఎంగిలి విస్తళ్లతో నిలబడిపోయిన కూతుర్ని చూసింది.

"నీకు తెల్సా?"

పిల్ల తలూపింది.

"తెల్సి నాకు సెప్పనేదేటే? నాన్నకి సెప్పనేదేటే?"

పిల్ల విస్తళ్లు మెల్లగా కింద పెట్టి, పావడాకి చేతులు తుడుచుకుంది. తల్లికి చెప్పింది గాని, నన్నే చూస్తూ చెప్పింది.

"అత్త మేస్టారు గదమ్మా. అత్తకి తెలీకుండా ఉంటాదేటి, నాదే తప్పేమో అనుకున్నాను."